నీడన ఆరిన పల్లి విత్తనం

పల్లి చేను పీకుతుంటే చూడటానికి హైదరాబాదు నుంచి అచ్చంపేట దాకా ఎవరైనా పోతారా అని ఇంట్లో ఒకటే నవ్వు. నవ్వుకోండి అని బయల్దేరాను. మా యాదమ్మ చిన్నమ్మ చేను వరుసగా రెండేళ్లు మొదలు కుళ్లు తెగులుకు పోయింది. మొక్క మొదట్లో తెల్ల బూజు పట్టడం, పచ్చటి చేను వాలిపోవడం. ఈసారీ పోతే కౌలుకిచ్చేస్తానని చిన్నాయిన తేల్చేశాడు. చేను లేకపోతే చిన్నమ్మకు ఊపిరాడదు.

పొద్దున ఆరింటికి ఎంజీబీఎస్‌లో అచ్చంపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. కల్వకుర్తి మీదుగా మూడు గంటల పైనే పట్టింది. అచ్చంపేట నుంచి చిన్నమ్మ ఊరికి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. ఎవరింటికని డ్రైవర్ అడిగితే చెప్పాను. "ఓ, పల్లి గింజలకు బూడిద పూసినామె ఇంటికా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అది బూడిద కాదు, సూడోమోనాస్ పొడి. నేలలో బతికే ఈ బ్యాక్టీరియా వేళ్ల చుట్టూ చేరి బూజును దగ్గరికి రానివ్వదు. నిరుడు కూడా చిన్నమ్మ ఆ పొడిని తడిపి గింజలకు పట్టించింది. కానీ మావాళ్లకు తడి గింజ కనబడితే చేతులు ఊరుకోవు కదా, మిరపకాయల్లాగే డాబా మీద మండుటెండలో ఆరబోసింది. పాపం, బ్యాక్టీరియా అక్కడే చచ్చింది. సంగతి తెలిశాక ఈసారి పడకగదిలో నీడన ఆరబెట్టి, ఆరిన రోజే విత్తింది.

నేనూ చిన్నమ్మా చేనుకు వెళ్లేసరికి కూలీలు దిగారు. చిన్నమ్మ తిన్నగా నిరుడు మొదట ఎండిన మూలకు నడిచింది. "జర ఆగుండ్రి, గీ మూల నేనే పీకుత" అంది. వంగి ఒక మొక్క లాగింది. మట్టి దులిపితే గుత్తులుగా కాయలు, మొదట్లో బూజు జాడే లేదు. ఇంకోటి లాగింది, మరోటి లాగింది, అన్నీ అంతే. నేను గంతులేశాను. ఆమె ఒక కాయ ఒలిచి గింజ నా నోట్లో పెట్టింది.

జొన్నరొట్టె, పల్లి కారం తిన్నాక చూస్తే చిన్నాయిన కుప్ప దగ్గర కూర్చుని నిండు కాయలు ఏరి వేరే సంచిలో వేస్తున్నాడు. ఏం చేస్తున్నవని చిన్నమ్మ అడిగింది.

"విత్తనానికి తీస్తున్న. వచ్చే యాసంగికి మనకు వద్దా?" అన్నాడు తలెత్తకుండానే.

కౌలు మాట మళ్లీ రాలేదు. చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ దారిన శ్రీశైలం చాలాసార్లు పోయాను, నల్లమల కొండలు కళ్లారా చూశాను. కంటికి కనపడని ప్రాణి ఒక మనిషిని తన చేలో నిలబెట్టడం మాత్రం ఇదే చూడటం. నా సంతోషం ఇంతా అంతా కాదు. మీరూ పోవాలనుకుంటే యాసంగి, అంటే రబీ పల్లి పీకే రోజుల్లో, ముందుగా రైతుకు ఫోన్ చేసి వెళ్లండి, ఖాళీ సంచి పట్టుకెళ్లండి. పచ్చి పల్లికాయలు ఎన్నైనా పెడతారు. చిన్నాయిన ఏరిన సంచి జోలికి మాత్రం పోకండి, అది విత్తనం.