అన్నయ్య మాటల బటన్లు

కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఇంట్లో కంప్యూటర్ ఎలా ఉందో ఎవరూ అడగరు. అడిగితే ఆమెకే సిగ్గు. వారానికి ఆరు రోజులు దుకాణంలో అందరి డబ్బాలూ విప్పి, దులిపి, బిగించాక, ఏడో రోజు స్క్రూడ్రైవర్ కంటబడితేనే ఒళ్లు మండుతుంది. అందుకే అన్నయ్య కంప్యూటర్ నాలుగు నెలలుగా ఈడ్చుకుంటూ నడుస్తున్నా, వచ్చే ఆదివారం చూద్దాంలే అని నెట్టుకొచ్చింది. చుట్టుపక్కల వాళ్లందరికీ ఆమె కంప్యూటరక్క. అన్నయ్య మాత్రం మొద్దూ అంటాడు.

అంటాడంటే నోటితో కాదు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి, వెనక సీట్లో నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడేలా స్టాపుల పేర్లు అరిచిన మనిషికి, మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. బుర్ర మాత్రం మునుపటిలాగే చురుకు. చెప్పినట్టు వినేది ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే. భార్య పోయి అప్పటికే ఒంటరిగా ఉంటున్నవాణ్ణి చెల్లెలు తన ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కంప్యూటర్ పెట్టి, అందులో మాట్లాడే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించింది. తెర నిండా గళ్లుంటాయి. గడిలో ఏం రాసిపెడితే, నొక్కగానే కంప్యూటర్ అది పైకి చదువుతుంది. నీళ్లు, ఫ్యాను, దుప్పటి లాంటివి ఆమె రాసిపెట్టింది. మిగతావన్నీ ఆయనే ఒంటి వేలితో ఒక్కో అక్షరం కొట్టి చేర్చుకున్నాడు. 'ఉప్పు దుకాణంలో మర్చిపోయొచ్చావా', 'ఆ ఫోను పక్కన పెట్టి ముందు తిను', 'రైట్ రైట్, పోనీ'. చుట్టాలొచ్చినప్పుడు నొక్కడానికి 'ఇంకా ఎంతసేపు కూర్చుంటారు' అని కూడా ఒకటుంది. అది నొక్కి ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూసేవాడు.

శనివారం పొద్దున ఆయన నీళ్ల బటన్ నొక్కితే పది నిమిషాలకి గానీ కంప్యూటర్ నోరు తెరవలేదు. ఆమె పక్క గదిలోనే ఉంది. ఆ సాయంత్రమే పాత డిస్కు బదులు వేగంగా నడిచే కొత్త ఎస్ఎస్‌డీ తెచ్చింది. ఆదివారం పొద్దున్నే నేల మీద చతికిలబడి, గంటన్నర పని అన్నయ్యా, భోజనం వేళకి నీ గొంతు నీకిచ్చేస్తా అంది. ఆయన 'రైట్ రైట్, పోనీ' నొక్కాడు. ఆమె స్విచ్ ఆపింది.

దుకాణానికి వచ్చేవాళ్లకి ఆమె చెవినిల్లు కట్టుకుని చెప్పే మాట ఒకటుంది. కొత్త డిస్కులో కంప్యూటర్‌ని నడిపే ఓఎస్ ఎక్కించే ముందు పాత డిస్కులోవన్నీ ఇంకోచోట దాచుకోండి, దాని తీగ పీకి పక్కన పెట్టండి అని. తన ఇంటికొచ్చేసరికి ఆ మాట గుర్తురాక కాదు. డబ్బా మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది, వంగితే నడుం పట్టేస్తోంది. ఓఎస్ ఎక్కాక పాత డిస్కులోవి ఎలాగూ కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి, ఈ పీకడం మళ్లీ పెట్టడం ఎందుకులే అనుకుంది.

మొదట కొత్త డిస్కు అసలు కనబడలేదు. తీసి మళ్లీ గట్టిగా గుచ్చితే కనబడింది. జాబితాలో రెండు డిస్కులూ ఒకే సైజు. పైన పాతది, కింద ఖాళీగా కొత్తది. కింది దాన్ని ఎంచుకుంది. అరవై రెండు శాతం దాకా పరుగెత్తి అక్కడ నిలబడిపోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అరవై రెండే. తలప్రాణం తోకకొచ్చింది. ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవ్ పాడైందో, తీగ పాడైందో తెలియదు. ఏది తప్పో ఒక్కొక్కటిగా మార్చి చూడాలన్నది ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. ఓపిక చాలక రెండూ ఒకేసారి మార్చేసింది. ఇంకో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుంది, రెండు డిస్కుల తీగలూ అటూ ఇటూ మార్చింది. ఈలోగా అన్నయ్యకి అన్నం తినిపించింది. ఉప్పు ఎలా ఉందో ఆయన చెప్పలేకపోయాడు.

తీగలు మారితే జాబితాలో వరుస మారుతుందని ఆమెకి తెలుసు. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో. సగంలో ఆగిన పని వల్ల కొత్త డిస్కు కూడా ఇప్పుడు ఖాళీగా లేదు, రెండూ ఒకేలా ఉన్నాయి. చెయ్యి అలవాటు కొద్దీ కింది దాని మీదికే పోయింది. అన్నీ తీసెయ్యనా అని కంప్యూటర్ అడిగితే తీసెయ్యమంది.

ఈసారి అరవై రెండు దాటింది. హమ్మయ్య అనుకుని మంచం కోడుకి ఆనుకుని కళ్లు మూసుకుంది. అప్పుడు వినబడింది, డబ్బాలోంచి గరగర. కొత్త డిస్కులో తిరిగేదేమీ ఉండదు, దానికి చప్పుడుండదు. ఆ చప్పుడు చేసేది పాతదొక్కటే.

దిగ్గున లేచింది. ప్లగ్గు పీకేసింది గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. పాత డిస్కుని దుకాణం ల్యాప్‌టాప్‌కి తగిలించి, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామ్ నడిపి గంటన్నర చూసింది. సగం తెగిన ఫోటోలు నాలుగొచ్చాయి. బటన్ల ఫైలు రాలేదు.

తర్వాత అంతా సజావుగానే జరిగింది. పాతదాన్ని పక్కన పడేశాక కొత్త డిస్కులో ఓఎస్ ఇరవై నిమిషాల్లో ఎక్కింది. మాట్లాడే ప్రోగ్రామూ ఎక్కింది. తెర మీద గళ్లన్నీ తెల్లగా వచ్చాయి. ఆయన వాటిని చూశాడు, ఆమెని చూశాడు.

"పాతవన్నీ పోయాయి అన్నయ్యా. నా చేతులారా నేనే తుడిచేశాను."

నాలుగు తిట్లు తిడితే తేలికపడేది. ఆ తిట్లు కూడా తుడుచుకుపోయాయి. మూడేళ్లు ఒక్క వేలితో కూడబెట్టుకున్న మాటలు. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆయన వేలు కదిలింది. గళ్ల కిందున్న పెట్టెలో ఒక్కో అక్షరం కొట్టి, చదివే బటన్ నొక్కాడు.

"నీకు తెలుసుగా. రాయి."

నిజమే, ఆమెకి తెలుసు. వాటిలో ముప్పాతిక వంతు ఆమెని అన్నవే. స్టూలు లాక్కుని కూర్చుని మొదటి వరుస నుంచి రాసుకుంటూ పోయింది. ఉప్పు మీద, ఫోను మీద, ఆమె జడ మీద, పాత స్కూటరు మీద. తనని తిట్టే మాటల్ని ఒక్కటీ పొల్లుపోకుండా తనే కొట్టింది. మధ్యలో ఆయన మొహంలో నవ్వు కదిలింది. ఎక్కడైనా మాట తప్పితే వేలు ఆడించి దిద్దాడు.

మూడో వరుస చివర ఇంకొకటి ఉండేది. 'నేను నీకు బరువైపోయానా.' ఎప్పుడైనా ఒకసారి నొక్కేవాడు. చాల్లే ఊరుకో అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒకరోజు మాత్రం, దుకాణం నుంచి నిలువునా నలిగిపోయి వచ్చి, ఏమీ అనలేదు. ఆ రోజు వంటింట్లోకి కూడా వెళ్లలేదు, ఉన్నచోటే నిలబడిపోయింది. అది ఇద్దరికీ గుర్తుంది.

ఆమె ఆ గడి వదిలేసి నాలుగో వరుసకి వెళ్లింది. అన్నీ అయ్యాక, ఇంతే, ఇంకేం లేవు అంది. ఆయన ఆ ఖాళీ గడి వైపు చూసి, కింద పెట్టెలో కొట్టాడు.

"ఒకటి మర్చిపోయావు."

"మర్చిపోలేదు," అంది ఆమె. "అది నేను రాయను."

ఫ్యాను తిరుగుతోంది. డబ్బాలోంచి ఏ చప్పుడూ లేదు. ఆయన వేలు మెల్లగా ఆ ఖాళీ గడి మీదికి వెళ్లింది. తనే రాసుకుంటాడేమోనని ఆమె తెర వైపు చూడలేక తీగలు చుట్టడం మొదలుపెట్టింది. చాలాసేపటికి కంప్యూటర్ పలికింది.

"సరే. పడుకో మొద్దూ."

ఆమె మంచం పక్కన నేల మీదే ఒరిగింది. డబ్బా మూత ఇంకా బిగించలేదని గుర్తొచ్చి లేవబోతే, ఆయన మూడో వరుస చివర ఉన్న అదే బటన్ మళ్లీ నొక్కాడు.