మెట్ల కింద ఎండు చేపల కొట్టు

మా అత్త పోయింది. కిందటి నెల ఒక మంగళవారం నేను ఎంబీఏ ఆఖరి సెమిస్టరు క్లాసులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "అత్త కొట్లోనే పడిపోయిందే. ఆస్పటల్‌కి తీసుకెల్లే లోపే అయిపోయింది" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చిన ఆలోచన చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ బిల్డరు ఈ పూట హాయిగా భోంచేస్తాడు అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తబరుచుకోవాలట. నా వల్ల కాదు. నాకు మండుతోంది, మండుతుండగానే రాస్తున్నాను.

అత్త అంటే నాన్నకి అక్క. పిల్లల్లేరు. పాతికేళ్ళపాటు మెయిన్ రోడ్డు మీద పెంకుల కొట్ల వరసలో ఎండు చేపలు అమ్మింది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి సరుకు కొనేది. ఎండు నెత్తళ్ళు చూస్తే ముందు ఒకదాని తోక పట్టుకుని విరిచేది. టప్పుమని విరగకపోతే ఎంత తెల్లగా మెరిసినా బుట్టలో వేయనిచ్చేది కాదు. "ఇరిసి సూడకుండా ఏదీ తీసుకోకే గుంటా" అనేది. నాకొచ్చిన పెళ్ళి సంబంధం గురించి కూడా అదే మాట అంది. నా పుస్తకాలు ముట్టుకోవాల్సొస్తే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేది. అయినా నా స్టాటిస్టిక్స్ నోట్సులో ఇప్పటికీ సన్నగా నెత్తళ్ళ వాసన ఉంది.

ఏడాదిలో ఒక్క నెల మాత్రం చేపలు ఉండేవి కావు. కార్తీకంలో కొనేవాళ్ళుండరు. అందుకని కొట్టంతా పసుపు నీళ్ళతో కడిగేసి, ప్రమిదలు, వత్తులు, నువ్వుల నూనె పెట్టేది. ఆ వరసలో అందరూ అంతే, చికెన్ కొట్టువాడు కూడా ఆ నెల ఉసిరికాయలు అమ్మేవాడు.

తొంభైల చివర్లో స్థలం ఓనరు ఆ వరసంతా డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాడు. బిల్డరు కొట్లు చూడ్డానికొచ్చింది కార్తీకంలో. అగర్‌బత్తి పొగ మధ్య కూర్చున్న అత్తని చూసి చేతులు జోడించాడు. "అమ్మగారూ, లక్ష్మీప్రదమైన వ్యాపారం. కొత్త కాంప్లెక్సులో ఎంట్రన్సు పక్కనే మీ షాపు. మీ దీపం చూసుకునే జనం లోపలికి రావాలి" అన్నాడు. అత్త మురిసిపోయింది. ఎండలో వానలో పాతికేళ్ళు కూర్చున్న మనిషికి ముందు వరసలో పక్కా షాపు!

అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. "సదివి సెప్పవే" అని నా చేతిలో పెట్టింది. చదివాను. ‘షాపు ఎక్కడన్నది డెవలపరు ఇష్టం’ అన్న లైను కూడా చదివాను, అది అలవాటుగా రాసే మాటలే అనుకున్నాను. "బాగుంది అత్తా, పెట్టెయ్" అన్నాను. వేలిముద్ర వేసింది. ఆ ఒక్క కాగితం మాత్రం విరిచి చూడలేదు, నన్ను నమ్మింది కాబట్టి.

మూడేళ్ళు హార్బర్ దారిలో పేవ్‌మెంట్ మీద బుట్ట పెట్టుకుని ఎదురుచూసింది. కాంప్లెక్సు లేచింది. ఎంట్రన్సు పక్కన పట్టుచీరల షోరూం వచ్చింది. అత్తకి వెనకవైపు మెట్ల కింద ఒక గది ఇచ్చారు. పక్కన బిల్డింగంతటికీ చల్లగాలి పంపే ఏసీ మెషిను, దానికి గాలి పీల్చే జాలీ. కిటికీ లేదు. నిలబడితే తల తగులుతుంది. నేను వెళ్ళి గట్టిగా అడిగితే బిల్డరు నవ్వాడు. "అగ్రిమెంటు చదివింది నువ్వేగా తల్లీ? వత్తులు అమ్ముకోడానికి ఎక్కడైతే ఏంటి?" అన్నాడు. అత్త ముందే అన్నాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అప్పటికి ఎంబీఏలో చేరాను. అత్త ఆ గది షట్టరు ఇంకా ఎత్తలేదు. ఒకరోజు క్లాసులో మా సారు షాపుల లీజుల గురించి చెబుతున్నారు. పెద్ద షోరూములకి పోటీ రాకుండా, చిన్న షాపులవాళ్ళు ఒప్పుకున్న వ్యాపారం తప్ప మరొకటి చేయకుండా డెవలపర్లు కట్టడి చేస్తారని అన్నారు. సాయంత్రం ఇంటికి పరిగెత్తి అగ్రిమెంటు తీశాను. ఉంది! ‘మునిసిపల్ లైసెన్సులో ఉన్న వ్యాపారం మాత్రమే చేయవలెను. మరేదైనా చేసినచో లీజు రద్దగును. సదరు వ్యాపారమునకు డెవలపరు అభ్యంతరము చెప్పరాదు.’ కింద లైసెన్సు నంబరు. బిల్డరు గుమస్తా నంబరు ఎక్కించాడు గానీ లైసెన్సు తెరిచి చూడలేదు. అందులో ఉన్నది ఎండు చేపలు. వత్తులు కావు.

కోర్టుకి వెళ్దామన్నాను. అత్త నా మొహం చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "కోర్టెందుకే? నా సేపలే వాదిత్తాయి" అంది.

మర్నాడు సరిగ్గా ఎండని సొరచేప ముక్కలు, రొయ్యపొట్టు దించింది. జన్మలో అలాంటి సరుకు కొనని మనిషి, ఆ రోజు వెతికి మరీ కొంది. పదింటికి ఏసీ వేశారు. పదింపావుకి మూడంతస్తులూ హార్బరయ్యాయి. చీరల షోరూంలో పెళ్ళివారు ముక్కులు మూసుకుని బయటికొచ్చేశారు. బిల్డరు వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది! మీది పూజాసామాను కదా!"

"అది కార్తీకంలో బాబూ. మిగతా పదకొండు నెల్లూ సేపలే."

"తీసెయ్యండి. ఆ వత్తులే పెట్టుకోండి."

"ఓలమ్మో, ఇంకోటి అమ్మితే కొట్టు పోద్దని నువ్వే రాయించావు కదేటి? నాను మాట తప్పే మనిషిని కాదు."

నాకు గంతులెయ్యాలనిపించింది. ఆ తర్వాత కార్తీకంలో కూడా చేపలే పెట్టింది. ఎవరూ కొనకపోయినా పెట్టింది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆరు నెలలకి బిల్డరు దిగొచ్చాడు. ముందు వరసలో చిన్న షాపు ఇస్తాను, చేపలు మానెయ్యమన్నాడు. నాన్న ఒప్పుకోమన్నాడు. అత్త నా వైపు చూసింది. "నువ్వేటంతావే?" అని అడిగింది. "వద్దత్తా, ఇంకా ఏడవనీ" అన్నాను. ఆమెకి దగ్గు అప్పటికే మొదలైంది. గాలాడని గదిలో, మెషిను వేడిలో ఇంకో ఏడాది కూర్చుంది. కాగితం తప్పు చదివిందీ నేనే, పగ సరిగ్గా నేర్పిందీ నేనే. బిల్డరు మీద నా కోపంలో సగం ఎవరి మీదో నాకు తెలుసు. అయినా ఒక్కసారి కూడా ఆమె నన్ను మాట అనలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, "పరీచ్చలయ్యాక సూద్దాంలే. బాగా సదువుకో, నాలాటోల్లకి కాయితాలు సదివి పెట్టు" అంది.

పదకొండో రోజున బిల్డరు దండ పట్టుకొచ్చాడు. ఫొటోకి వేశాడు. ఐదు నిమిషాలు తలొంచుకుని కూర్చుని, జేబులోంచి కాగితం తీశాడు. అగ్రిమెంటులో ఆమె తదనంతరం లీజు నా పేర రాసి ఉంది, దాన్ని నేను వదులుకుంటున్నట్టు ఈ కాగితం మీద సంతకం కావాలి. బదులుగా ముందు వరసలో షాపు. "ఎంబీఏ చదివినదానివి, చేపలు అమ్ముతావా తల్లీ?" అన్నాడు.

కాగితం మూడుసార్లు చదివాను, ఈసారి ప్రతి లైనూ. "మొదటే ఇచ్చుంటే ఈ దండ అవసరం ఉండేది కాదు కదండీ" అని వెనక్కిచ్చేశాను.

మర్నాడు హార్బర్‌కి వెళ్ళాను. ఇంటర్వ్యూల కోసం కుట్టించుకున్న చుడీదార్ మీదే, నెత్తిన రెండు బుట్టలు పెట్టుకుని వెళ్ళి మెట్ల కింద షట్టరు ఎత్తాను. వంగి లోపల కూర్చుని ఒక బుట్ట మూత తీశాను. పైన ఏసీ మెషిను గుర్రుమంది. కాసేపటికి బిల్డరు మెట్లెక్కుతూ ఆగి, కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు. దగ్గొచ్చింది నాకు. దగ్గుతూనే రెండో బుట్ట మూత తీశాను.