పన్నెండు వందల చదరపు అడుగుల పచ్చిక

ఆ రోజుల్లో నాకు పోయినవేమిటో ఎవరూ అడగలేదు కానీ, వరుసగా చెప్పగలను: ఇరవై ఆరు గోనె సంచులు, మా నాయినమ్మ బొంత ఒకటి, అడుగు ఊడిన బకెట్లు రెండు, కుడికాలి చెప్పు, ఉడికిపోయిన గరిక నలభై ఎనిమిది చదరపు అడుగులు, నా ఒంటి బరువులో మూడు కిలోలు. పరువును ఇందులో కలపలేదు. దాన్ని కొలిచే సాధనం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇంత పోయినా నా లెక్క మాత్రం పోలేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఇంటర్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాను (జవాబులు సరిగ్గానే వచ్చేవి, అవి వచ్చిన దారి రాయమంటేనే చేయి ఆగేది). మా నాయిన నాకు మా మిరపతోటలో పని ఖాయం చేసేశాడు. నాకేమో పిల్లలకు లెక్కలు చెప్పాలని కోరిక. పెనుబల్లి అవతల, అడవి అంచున, మా చర్చి పక్కనే ఒక చిన్న బడి ఉండేది. దాన్ని నడిపే హెడ్‌మిస్ట్రెస్‌ది మధిర వైపు. చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు ఉండేది కాబట్టి ఊరంతా ఆమెను స్కేలు మేడం అనేది. డిగ్రీ లేనివాడికి ఉద్యోగం ఎలా ఇవ్వనని ఆమె అంటే, ఏ లెక్కయినా ఇచ్చి చూడమన్నాను. ఆమె కిటికీలోంచి దుమ్ము రేగుతున్న బడి ముంగిలి చూపించింది. "నలభై అడుగులు, ముప్పై అడుగులు. డిసెంబరు ఇరవైన క్రిస్మస్ వేడుక. ఆ రోజుకి పిల్లలు పచ్చికమీద కూర్చోవాలి. కూర్చుంటే అయిదో తరగతి లెక్కలు నీవి. లేకపోతే మీ నాన్న తోట ఉండనే ఉంది."

అక్టోబరు మొదట్లో కాలువ గట్టు మీది గరిక తెచ్చి, రెండడుగులకొకటి చొప్పున మూడు వందల మొక్కలు నాటాను. కలుపు తీయడానికి మా తోటకు వెళ్తున్న ఆడవాళ్లు దారిలో నిలబడి మరీ చూశారు. మా నాయినకు తల కొట్టేసినట్టయింది. "తోటల గడ్డి పీకనీకి నేను కూలీలను పెడుతుంటె, నువ్వు గీడ కూసోని గడ్డి నాటుతున్నవారా? నలుగురు ఇంటె ఏమంటరు?" అన్నాడు. నేను ఇంకో మొక్క నాటాను. అక్టోబరు ఇరవై నాలుగుకు వేళ్లు పట్టుకున్నాయి. ఒక తీగకు ఎర్రదారం కట్టి కొలిచాను. వారానికి అంగుళమున్నర. నాలుగు వైపులా పన్నెండు అంగుళాలు పాకితే నేలంతా కప్పేస్తుంది. అంటే ఎనిమిది వారాలు. డిసెంబరు పంతొమ్మిదికి పూర్తి. నాకింకా ఒక రోజు మిగులుతుంది. ఆ మిగిలిన రోజున ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను (నిద్రపోవాలని).

నవంబరు సగంలో అడవి వైపు నుంచి ఎండుగాలి మొదలైంది. పెదవులు పగిలే చలి. ఆ వారం గరిక అరంగుళమే పాకింది. తర్వాతి వారం సున్నా. నీళ్లు చాలలేదేమోనని నలభై బిందెలను ఎనభై చేశాను. గరిక పచ్చబడటం మాని పసుపుబడింది. మా నాయినమ్మ చూసి, "చలికి మనిషే ముడుసుకుంటడు, గడ్డి ముడుసుకోదారా పిచ్చోడా?" అంది. నాకు దారి దొరికింది. సాయంత్రం గోనె సంచులు కప్పడం, పొద్దున్నే తీయడం మొదలుపెట్టాను. సంచులు చాలనిచోట ఆమె బొంతే కప్పాను. దాంతో ఆమె నాతో వారం రోజులు మాట్లాడలేదు. అదీ చాలక, ఒక వంతు వేడినీళ్లకు రెండు వంతుల చన్నీళ్లు లెక్కగట్టి, చర్చి వంటామె డేగిసాలో కాచిన నీళ్లు తెచ్చి కలిపి పోశాను. లెక్క సరైనదే. కాకపోతే నేను వేడినీళ్లంటే స్నానపు నీళ్లనుకున్నాను, ఆమె మరగకాచింది. మా నాయినమ్మ మౌనం అక్కడే విరిగింది. "ఏంది, బడికాడ ఆకుకూర ఉడుకుతున్నదా?" అంది.

వేడుకకు మూడు రోజుల ముందు పురుగుమందుల కొట్టు నడిపే మా బావ వచ్చాడు. "స్ప్రేయర్ల పచ్చరంగు కలిపి కొట్టు బామ్మర్దీ. జల్దీ అయిపోతది. మేడంకు దూరం చూపు ఆనదు."

"గడ్డి సచ్చిందని ఎవలన్నరు బావా? గీకి చూడు, కింద వేరు పచ్చిగనే ఉన్నది. బతికిన దానికి రంగెందుకు?"

"వేరు చూసి ఉద్యోగమిస్తదా ఏంది?"

ఇవ్వదని నాకూ తెలుసు. అయినా రంగు డబ్బా వెనక్కి పంపాను. పంతొమ్మిదిన అడుగు చదరం పుల్లల చట్రం కట్టి, దాన్ని నేలమీద జరుపుతూ పచ్చగా ఉన్న గళ్లు మాత్రమే లెక్కపెట్టాను. సగం పచ్చగా ఉన్నవాటిని వదిలేశాను.

మర్నాడు తల్లిదండ్రులంతా చేరారు. పిల్లలకు చాపలు పరుస్తున్నారు. మేడం నా ముందు ఆగింది. "ఎంతవరకు వచ్చిందయ్యా?"

"మూడు వందల పన్నెండు, మేడం."

"పన్నెండు వందలన్నావు కదా?"

"అన్న."

వెనకనుంచి మా నాయిన "రేపు పొద్దుగాల తోటకు రా బిడ్డా, మిరపకాయలు లెక్కపెడుదువు" అన్నాడు. అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. చట్రం అడిగి తీసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఒక మూలనుంచి రెండు వరసలు తనే లెక్కపెట్టింది. నా పుస్తకంలో అంకెతో సరిపోయింది.

"నీకు గడ్డి పెంచటం రాదు" అంది.

"నాకొస్తది మేడం. పెరుగుడే దానికి రాలే."

"పొగరు కూడా ఉంది. మూడొందల యాభై అంటే ఎవరు చూడొచ్చారు? మూడొందల పన్నెండే అన్నావు. సరే, జనవరి నుంచి అయిదో తరగతికి రా. మిగతా ఎనిమిది వందల ఎనభై ఎనిమిదీ నువ్వు ఈ బడికి బాకీ."

ఇప్పుడు నాకు యాభైకి రెండు తక్కువ. అదే బడి, అదే అయిదో తరగతి. మేడం మధిరలో కూతురి దగ్గర ఉంటుంది. ఏటా వేడుక ముందురోజు ఫోన్ చేసి "ఎంత?" అని మాత్రం అడుగుతుంది. "ఆగస్టుల వచ్చి చూడండి మేడం, పన్నెండు వందలూ పచ్చగనే ఉంటది" అంటాను. "వేడుక ఆగస్టులో కాదుగా" అంటుంది. చలికి ఆగని గడ్డి నర్సరీల్లో దొరుకుతుందని చాలామంది చెప్పారు. నేను తేను. ఈ గరికతోనే, ఈ చలిలోనే తీరుస్తాను. మోకాళ్లు మాత్రం వెనకటిలా మాట వినడం లేదు. మొన్న చట్రం పట్టుకుని నేలమీద పాకుతుంటే, సారు ప్రార్థన చేస్తున్నాడనుకుని పిల్లలంతా కళ్లు మూసుకుని వరసగా నిలబడ్డారు. నవ్వొచ్చి ఒక వరస తప్పాను. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. నేటికి బాకీ నాలుగు వందల ఏడు చదరపు అడుగులు.