తూటా పెద్దన్న కేక

పెద్దన్న కేక వినిపిస్తే మా పాలెంలో జనం పొయ్యి మీద సంగటి కుండ పొయ్యి మీదే వదిలి గోడల చాటుకు పరుగెత్తేవారు.

"మందుండాదప్పో! దూరం పోండప్పో!"

నాలుగు దిక్కులకూ తిరిగి అరిచేవాడు. అరిచి ఊరుకునేవాడు కాదు. ప్రతి చెట్టు కిందా, ప్రతి మిట్ట వెనకా తానే పోయి చూసుకునేవాడు. మేకపిల్ల కనిపిస్తే చంకలో పెట్టుకొని తెచ్చేవాడు. ప్రాణి ఏదీ దగ్గర లేదని తెలిశాక మోకాళ్ల మీద నిలిచి ఒక్క మాట ప్రార్థన చేసుకొని, అప్పుడు వత్తికి నిప్పు ముట్టించేవాడు.

ఆ పని బేతంచెర్ల బండల గనుల్లో నేర్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి బావుల పనికి దిగాడు. మా సీమలో మనిషిలోతు తవ్వితే చాలు, బండ తగులుతుంది. తాత మొదలుపెట్టిన బావిలో మనవడు నీళ్లు చూసేవాడు. పెద్దన్న రాతిలో గుంత తొలిచి పేలుడు మందు కూరిన తూటా పెడితే ఆ బండ జొన్నరొట్టె విరిగినట్టు విరిగేది. "ఈ మందు కనిపెట్టిన మారాజు ఎవురో గానీ, ఆయప్ప కడుపు సల్లగుండాల" అని పెద్దన్న భార్య ప్రేమమ్మ రోజూ దీవించేది.

రెండో యుద్ధం రాకముందు మాట. ఊళ్లో ఎన్ని బావులకు తూటా పెట్టినా మా పాలేనికి మాత్రం బావి లేదు. మాదిగ, మాల క్రైస్తవులం. వానాకాలం వంకలో నీళ్లు. ఎండాకాలం వంక ఎండిపోతే, వేపమాను మలుపులో మిగిలే ఒక్క మడుగు. ఊరబావి తాడు మేం ముట్టకూడదు. మడుగు చాలని రోజున కుండలు కింద పెట్టుకొని, ఎవరో ఒకరు చేది పోసేదాకా ఆడవాళ్లు నిలబడేవారు. రైతుల ఇళ్లలో సిద్దమ్మ అనే ముసలామె ఒకతే విసుక్కోకుండా పోసేది. తన బిందె నిండకముందే మా కుండలు నింపేది.

చివరికి మేమే బావి మొదలుపెట్టుకున్నాం. తూటాల లైసెన్సు ఊళ్లో పెద్దరైతు నారాయణరెడ్డి పేర ఉండేది. ఆయన బావికి పాలెమంతా కూలి లేకుండా మన్ను మోసింది. అందుకు బదులుగా మా బావికి కావలసిన తూటాలు ఇస్తానన్నాడు, ఇస్తూనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన తూటాలతో చాలాలోతు దిగాం. ఇంక అడుగున ఒక్క నల్లబండ మిగిలింది. దాని పక్కల మన్ను పిడికిట్లో పిసికితే తేమ తగిలేది.

ఆ వారమే నారాయణరెడ్డి బావమరిది శేషారెడ్డి, టౌను నుంచి దొరగారి కచేరీలో పనిచేసే స్నేహితులను వెంటబెట్టుకొని దిగాడు. వాళ్లకు చేపల మీద మనసు పోయింది. వల వేయడానికి ఓపిక లేదు. బండలు పగలగొట్టే తూటా మడుగులో వేస్తే చేపలన్నీ తేలతాయని ఎవరో చెప్పారట.

పెద్దన్న చేతులు కట్టుకున్నాడు. "రెడ్డెప్పా, అవి బావికి పెట్టుకున్నెవి. ఆ మడుగు నీళ్లు తాగుతాండాం."

"తాగు, ఎవురొద్దన్నారు? సేపలు తీసుకుంటే నీళ్లు యాడికి పోతాయప్పా?" అన్నాడు శేషారెడ్డి. "నీవు ఎయ్యకపోతే మేమే ఎస్తాం. సెయ్యి తెగితే మాది, నీదేం పోయె?"

ఆ మాటకే పెద్దన్న లొంగాడు. తెలియనివాళ్లు వత్తి ముట్టిస్తే చేతులు పోతాయని గనుల్లో కళ్లారా చూసినవాడు. మనిషి రక్తం చూడలేక తానే గట్టు మీద నిలబడ్డాడు. ఎప్పటిలాగే నాలుగు దిక్కులకూ తిరిగి కేక పెట్టాడు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లను దూరం పంపాడు.

"సేపలకు గూడా సెప్తివా పెద్దన్నా? పాపం, సెవులు వినపడవేమో!" అని ఒకడన్నాడు. అందరూ పడిపడి నవ్వారు.

మడుగు పైకి లేచి పడింది. తెల్లటి పొట్టలు తేలాయి. కొర్రమీలను, పెద్దవాటిని ఏరుకున్నారు. వేలెడేసి పిల్లలను చెప్పు కాలితో పక్కకు తోశారు. డిప్ప పగిలిన తాబేలు ఒకటి గట్టెక్కబోయి జారి పడుతుంటే, ఎక్కుతుందా లేదా అని పందెం కాశారు. చాలలేదని ఇంకొకటి అడిగారు. మళ్లీ ఇంకొకటి. బావికని దాచిన తూటాలన్నీ ఆ సాయంత్రానికి నీళ్లపాలయ్యాయి. నారాయణరెడ్డి తల వంచుకొని నిలబడ్డాడే గాని బావమరిదిని ఒక్క మాట అనలేకపోయాడు.

తేలినవి కొన్నే. అడుగున పడినవి తర్వాత ఒక్కొక్కటే ఉబ్బి పైకొచ్చాయి. నీళ్ల మీద నూనె తెట్టు, దాని మీద నల్లగా ముసిరే ఈగలు. ఎద్దులు గట్టుదాకా వచ్చి ముక్కుపుటాలెగరేసి వెనక్కి తిరిగాయి. ఆ కంపు పాలెమంతా పరుచుకుంది. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే వాసన, ప్రార్థనకు కళ్లు మూసుకుంటే అదే వాసన. బండ గుండెలో నీళ్లు వెతకమని దేవుడు మనిషికిచ్చిన తెలివి ఆ మందు. ఒక్క పూట నాలుక కోసం దాన్ని తాగే నీళ్లలో కుళ్లబెట్టారు. పెద్దన్న బూడిదతో చేతులు తోముకుంటూనే ఉండేవాడు. ప్రేమమ్మ ఆ మందు కనిపెట్టిన మారాజును దీవించడం మానేసింది.

మళ్లీ ఊరబావి దగ్గర నిలబడే రోజులు. నారాయణరెడ్డి లైసెన్సు మీద ఆ ఏడాదికి వచ్చే తూటాలు అయిపోయాయి, బావిలో నల్లబండ అలాగే ఉంది. పెద్దన్న పాతకాలపు పద్ధతికి దిగాడు. బండ మీద తుమ్మమొద్దులు కాల్చి, అది ఎర్రగా కాగినప్పుడు చన్నీళ్లు గుమ్మరిస్తే పగుళ్లిస్తుంది. కానీ తాగడానికే లేని నీళ్లు బండకెక్కడివి?

ప్రేమమ్మ సిగ్గుపడుతూ సిద్దమ్మను అడిగింది. "అవ్వా, ఇంగో కుండ పోస్తావా? తాగనీకి కాదు, బావిలో పొయ్యనీకి."

సిద్దమ్మ చేద మళ్లీ బావిలోకి వదిలింది. "బావికే దప్పికయితే అది యాడికి పోతాదిమే? పట్టు కుండ."

అలా రోజూ కాస్త పెచ్చు రాలేది. ఆలోగా అకాల వాన ఒకటి పడి మడుగు కడిగి నింపింది, వంక వెంట చేపలూ కొట్టుకొచ్చాయి. ఎద్దులు మళ్లీ అక్కడ మూతిపెట్టాయి. ఆ సంగతి టౌనుకెలా తెలిసిందో, శేషారెడ్డి కచేరీ వాళ్ల పలుకుబడితో సంపాదించిన కొత్త తూటాల పెట్టెతో దిగాడు.

"పెద్దన్నా, ఈసారి మీకు నష్టం రానియ్యను. రెండే మడుగులో ఎయ్యి. మిగిలినెవన్నీ మీ బావికే. ఒక్క దినంలో నీళ్లు సూడొచ్చు."

పాలెమంతా పెద్దన్న ముఖంలోకి చూసింది. వద్దనమని చెప్పే నోరు మాకెవరికీ లేదు. మడుగు నిండినా మా పిల్లల పగిలిన పెదవులు ఇంకా మానలేదు.

పెద్దన్న మడుగు గట్టుకు పోయి, ఎప్పటిలాగే నాలుగు దిక్కులకూ తిరిగి కేక పెట్టాడు. అందరం దూరం జరిగాం. అప్పుడతను పంచె ఎగ్గట్టి మడుగులోకి దిగి, నడుముదాకా నీళ్లలో ఒక రాయి మీద కూర్చున్నాడు.

"ఇదేం సోద్యమప్పా! బయటికి రా!" అని శేషారెడ్డి అరిచాడు.

"ప్రాణి ఉండంగ మందు ముట్టియ్యకూడదు రెడ్డెప్పా. అది మా పని కట్టుబాటు. నేనీడ ఉండా."

శేషారెడ్డి బతిమాలాడు, తిట్టాడు. ఈసారి నారాయణరెడ్డి నోరు తెరిచాడు. "సాలప్పా. పెట్టె బండికెత్తు" అని తానే ముందు నడిచాడు. బండి పోయేదాకా పెద్దన్న నీళ్లలోంచి లేవలేదు. బండితో పాటు మాకిస్తానన్న తూటాలూ పోయాయి. కోపం వచ్చినవాళ్లూ లేకపోలేదు. ప్రేమమ్మ మాత్రం పొడి పంచె తెచ్చి గట్టు మీద పెట్టింది.

మళ్లీ మొద్దులు, మడుగు తగ్గాక మళ్లీ సిద్దమ్మ కుండలు. ఎండ ముదిరిన ఒక పొద్దున బావి అడుగు నుంచి పెద్దన్న గొంతు ఖంగుమంది. ఏమన్నాడో ఎవరు విన్నారు? ఆ గొంతు చాలు. పొయ్యిల మీద కుండలు వదిలి, పిల్లలను ఎత్తుకొని, గోడల చాటున తలలు దాచుకున్నాం. పాలెంలో గుప్పెడు మందు లేదని ఒక్కరికీ తోచలేదు. ఎంతసేపటికీ పేలుడు చప్పుడు లేదు.

ఆ పొద్దున తానే నీళ్ల కుండ మోసుకొస్తున్న సిద్దమ్మకు ఆ అలవాటు లేదు. నేరుగా పోయి బావిలోకి తొంగి చూసి మావైపు తిరిగింది.

"ఏంమే, దొంగల మాదిరి దాక్కున్నారు? పెద్దన్న రండి రండి అని గొంతు సించుకుంటాంటే! నీళ్లు పడినాయి, కుండలు తెచ్చుకోండి!"