కబురు లేని రోజు కూడా

అరవయ్యో దశకం చివర్లో నేను కోయంబత్తూరు పీలమేడులో ఒక నూలు మిల్లులో టైమ్ ఆఫీసు గుమాస్తాను. టైమ్ ఆఫీసంటే గేటు పక్కన ఒక ఇరుకు గది. షిఫ్టుకు వచ్చినవాళ్ల హాజరు వేయడం, ఆలస్యంగా వచ్చినవాళ్లతో గొడవపడటం మా పని. మిల్లులో సగం మంది మావాళ్లే, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడేవాళ్లు.

ఎవరూ కోరుకోని పని ఇంకొకటి కూడా నా నెత్తిన పడింది. కార్మికుల ఇళ్ల నుంచి ఫోనొచ్చినా, తంతి వచ్చినా మా గదికే వచ్చేది. ఆ రోజుల్లో మంచి కబురు కోసం మిల్లుకు ఫోను చేసే వాళ్లెవరు? చావు కబురే వచ్చేది. తిరిగే మెషీను దగ్గర నిలబడ్డ మనిషికి అలాంటి మాట చెప్పకూడదు, చెయ్యి వణికితే వేళ్లు పోతాయి. అందుకని నేను లోపలికి వెళ్లి, మనిషిని బయటికి తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అప్పుడు చెప్పేవాణ్ని. దాంతో నాకు యముడి గుమాస్తా అని పేరు పెట్టారు. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, ఆడవాళ్ల చేతులు తాళి మీదికి పోయేవి. పెళ్లి సంబంధాలు చూసే వయసులో ఆ పేరు నాకు ఎంత మేలు చేసిందో వేరే చెప్పాలా?

రంగమ్మ వైండింగ్‌లో పనిచేసేది. చిన్న కండెల మీది నూలును పెద్ద కోన్లకు చుట్టే విభాగం అది. ఆ చప్పుడులో పక్కన నిలబడి అరిచినా వినబడదు. పెదవుల కదలిక చూసి, చేతి సైగ చూసి మాట్లాడుకోవడమే. నాకంటే పదేళ్లు పెద్దది, నన్ను తమ్ముణ్ని పిలిచినట్టు తంబీ అనేది. అంతకు రెండేళ్ల ముందు ఆమె కొడుకు జ్వరంతో పోయినప్పుడు ఆ కబురు చెప్పింది నేనే. ఆమె ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని, "ఇంకో గడియ నువ్వు రాకుండా ఉండింటే, ఆ గడియ సేపు నా కొడుకు ఉండేవాడు కదా తంబీ," అంది.

ఇక ఆమెకు బిడ్డల్లో మిగిలింది చిన్నమనూరులో ఇచ్చిన కూతురు ఒక్కతే. ఒక మధ్యాహ్నం ఆమె అల్లుడు ఫోను చేశాడు. కాన్పు అడ్డం తిరిగిందట, ఆపరేషన్ చేయాలన్నారట. అమ్మను చూడందే ఒప్పుకోనని పిల్ల ఏడుస్తోందట, వెంటనే పంపమన్నాడు. అటు పోవాలంటే ఎక్కాల్సిన దిండిగల్ బస్సుకు ముప్పావుగంట టైముంది. అది పోతే మళ్లీ సాయంత్రం దాకా లేదు.

పరుగున వైండింగ్‌కు వెళ్లాను. రంగమ్మ నన్ను చూసింది. చూసి, వెంటనే వీపు తిప్పేసింది. నేను అటు వెళితే ఇటు తిరిగింది. మేస్త్రి సుబ్బయ్య వచ్చి ఆమె మెషీను ఆపి భుజం తట్టాడు. ఆమె మెషీను కమ్మీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసేసుకుంది. మిగతా మెషీన్లు హోరెత్తుతున్నాయి. ఆ చోట కళ్లు మూసుకున్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేరు.

అరిచాను, గొంతు పోయింది కానీ లాభం లేదు. ఇద్దరు ఆడవాళ్లను పెట్టి బయటికి ఈడ్పించొచ్చు. అలా ఈడిస్తే కూతురు పోయిందనే అనుకుంటుంది, గుమ్మం దాటకముందే కూలబడిపోతుంది. అలాంటి మనిషిని అంత దూరం బస్సులో ఎలా పంపడం? గోడ గడియారం వైపు చూడాలంటే భయం వేసింది.

నేను పెద్ద భక్తుణ్ని కాను. మిల్లు ఆవరణలో మారియమ్మ గుడి ఉంది, జీతాల రోజు తప్ప అటు పోను. ఆ రోజు పోయాను. పూజారి లేడు. పళ్లెంలోంచి గుప్పెడు కుంకుమ తీసుకుని పరిగెత్తుకొచ్చాను. చావు కబురు తెచ్చినవాడు కుంకుమ తేడు, మాలో అది చంటిపిల్లలకు కూడా తెలుసు. పక్క మెషీను లక్ష్మి చేతిలో కొంచెం పోసి సైగ చేశాను. లక్ష్మి వెళ్లి రంగమ్మ నుదుట బొట్టు పెట్టింది.

రంగమ్మ కళ్లు తెరిచింది. లక్ష్మి వేళ్లు చూసింది, నా చెయ్యి చూసింది, అప్పుడు నా మొహం చూసింది.

నేను పెదవులు బాగా కదిలిస్తూ చెప్పాను. "నీ బిడ్డ ఉండాది అక్కా. నిన్ను పిలుస్తా ఉండాది. పో."

రెండోసారి చెప్పించుకుంది. ఆ తర్వాత కొంగు కూడా సర్దుకోకుండా పరిగెత్తింది. మేస్త్రి తన సైకిలు మీద ఎక్కించుకుని బస్సు అందించాడు.

గదికి వచ్చి కూర్చున్నాక లెక్క చూసుకున్నాను. ఫోను వచ్చి ఎంతసేపయింది? ఈలోగా ఆ పిల్లకు ఏమైందో నాకేం తెలుసు? తెలియకుండానే దేవత పళ్లెంలోని కుంకుమ తెచ్చి ఒక తల్లికి మాట ఇచ్చేశాను. ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఎత్తడానికి వెనకాడేవాణ్ని. చాలా రోజులు అన్నం సరిగ్గా దిగలేదు. ఆమె తిరిగి రాకపోయినా బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను.

నెల దాటాక వచ్చింది. షిఫ్టుకు ముందు నా గది దగ్గర ఆగింది. కూతురు బతికింది, బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అని చెప్పింది. "ఆ పొద్దు అమ్మాయి ఎట్లుండాదో నాకు నిజంగా తెలీదు అక్కా," అన్నాను.

"అది నాకూ తెలుసు తంబీ," అంది. "బస్సులో కూసున్నాక తోచింది, నీకు మాత్రం ఎట్ల తెలుస్తాదని. అయినా నువ్వు బొట్టు పెట్టించి పంపినావు, దాంతోనే నడిచి పోగలిగినాను. లేకుంటే ఆడనే నిలబడి ఉందును, నా బిడ్డ నాకోసం ఏడుస్తా ఉండును."

లోపలికి వెళ్లబోతూ మళ్లీ ఆగింది. "కబురు లేని దినం కూడా ఒక తూరి ఆ పక్కకి రా తంబీ. ఊరికే వచ్చి పో."

మర్నాడు వెళ్లాను. నన్ను చూడగానే చేతులన్నీ తాళి మీదికి పోయాయి. నేను ఎవరి దగ్గరా ఆగకుండా ఆ చివర దాకా నడిచి, అన్నం తిన్నావా అని సుబ్బయ్యను సైగతో అడిగి తిరిగొచ్చాను. ఆ మర్నాడూ అంతే. రిటైరయ్యే దాకా అన్ని విభాగాల్లోనూ రోజూ ఒకసారి అలాగే తిరిగాను. చావు కబుర్లు ఆ తర్వాతా మోశాను, కబురు ఎలా చెప్పాలన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు. కానీ వైండింగ్‌లోకి నేను వస్తే ఎవరూ తలెత్తని రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్లి చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నాను.