పంటి బండిలో నలభై రోజులు

మార్చి మొదటి సోమవారం, పొద్దున ఆరూ ఇరవైకి నరసరావుపేట చేరాం. వ్యాను ఒకటి, దాని వెనక జనరేటరు ఎక్కించిన ట్రెయిలరు ఒకటి. మనుషులం ముగ్గురం: పళ్ల డాక్టరైన కెప్టెన్ మేడమ్, డ్రైవరు, నేను. ఒక స్కూలు గ్రౌండులో వ్యాను పెట్టాం. మధ్యాహ్నానికి చెట్టు నీడ వ్యాను మీదికి రాదని డ్రైవరు అప్పుడే లెక్కగట్టి, చోటు చూపించినవాణ్ని మనసారా తిట్టుకున్నాడు.

నేను హవల్దారుని. సైన్యంలో పళ్ల డాక్టరు పక్కన నిలబడి సామాను అందించేవాడు కూడా సైనికుడే. ఇరవై రెండేళ్లు నేను చేసింది ఆ పనే. మావాళ్లు ఇప్పటికీ "బోర్డర్లో తుపాకీ పేల్చావా?" అని అడుగుతారు. పేల్చడం నాకూ వచ్చు. కానీ నా చేతిలో ఎక్కువ కాలం ఉన్నది నోట్లో ఉమ్మి లాగే పైపు. మంచు కొండల్లో మూడేళ్లు చేశాను, ఎడారిలో రెండేళ్లు చేశాను. అయినా డ్యూటీ అంటే నాకు గుర్తొచ్చేది మా పల్నాడులో చేసిన ఆ నలభై రోజులే.

ఆర్డరు ఒక్క పేజీ. జిల్లాలో రిటైరైన సైనికులు, వాళ్ల భార్యలు, చనిపోయిన సైనికుల భార్యలు. అందులోనూ షుగరు, గుండె, కిడ్నీ జబ్బులుండి బయట క్లినిక్కుల్లో వెనక్కి పంపినవాళ్లు ముందు. నరసరావుపేటలో పన్నెండు రోజులు, క్రోసూరులో పది, మాచర్లలో పద్దెనిమిది. వ్యానులో కుర్చీ ఒకటి, చిన్న ఎక్స్‌రే మిషను, బీపీ మిషను, షుగరు మిషను, ఆక్సిజన్ సిలిండర్లు రెండు, వాకీటాకీలు రెండు. ఒకటి లోపల నా దగ్గర, రెండోది గేటు దగ్గర డ్రైవరు దగ్గర.

మొదటి రోజే చిక్కొచ్చి పడింది. ఫారంలో 'ఏమైనా జబ్బులున్నాయా' అని ఒక గడి ఉంటుంది. అడిగితే చాలు, డెబ్బై ఏళ్ల ముసలాయన కూడా మడమలు చేర్చి, ఛాతీ విరిచి, "నో ప్రాబ్లం సాబ్!" అనేవాడు. మా సైనికుల రోగం ఇది. ఉద్యోగంలో ఉండగా జబ్బు పేరు ఫైల్లో పడితే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు. కేటగిరీ తగ్గితే ప్రమోషను పోతుంది, మంచి పోస్టింగు పోతుంది. అందుకని జ్వరాన్ని కూడా దాచుకుని పరేడుకి పోతాం. రిటైరయ్యాక ఆ భయానికి అర్థం లేదు. అయినా పోదు.

రెండో రోజు ఒక రిటైర్డ్ సుబేదారు నో ప్రాబ్లం అని కుర్చీ ఎక్కి, పది నిమిషాలకి చెమటలు పట్టి వణకడం మొదలెట్టాడు. బయట నిలబడిన ఆయన భార్య మెట్లెక్కి లోపలికొచ్చేసింది.

"ఏందయ్యా, ఏం లేదని చెప్పావా? మరి రెండు పూటలా ఇన్సులిన్ సూది ఎవరికి పొడుస్తన్నా నేను? ఆపరేషనంటే పరగడుపున పోవాలని కాఫీ గూడా తాగలా. సూది మాత్రం పొడిపించుకున్నాడు!"

పంచదార నీళ్లు పట్టించాం. తేరుకున్నాడు. కెప్టెన్ మేడమ్ పంజాబీ. ఆవిడకి తెలుగు రాదు. నేను హిందీలో చెప్పింది విని అక్కడికక్కడే కొత్త ఆర్డరు వేసింది. "రేపట్నుంచి ముందు భార్య, తర్వాత భర్త. మాత్రల కవరు లేకుండా ఎవరూ మెట్టెక్కకూడదు."

మర్నాటి నుంచి గ్రౌండులో రెండు వరసలు. ఆడవాళ్ల వరసలో ప్రతి చేతికీ ఒక ప్లాస్టిక్ కవరు. డ్రైవరు దానికి 'కవర్ పరేడ్' అని పేరు పెట్టాడు. వాకీటాకీలో వాడి గొంతు: "ఒక భార్య, కవరుతో సహా వస్తోంది. భర్త సిగ్గుపడుతున్నాడు. ఓవర్."

క్రోసూరులో కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు. ఘాటు ఏసీ లోంచి కూడా దూరేది. పన్ను సరిచేస్తుండగా ముందు పేషెంటు తుమ్మేవాడు, తర్వాత మేడమ్, ఆ తర్వాత నేను. రోజుకి పద్నాలుగు మందిని చూశాం. కిడ్నీ డయాలసిస్ చేయించుకునే ఒకాయనకి డయాలసిస్ లేని రోజు చూసి పన్ను తీశాం. సాయంత్రాలు ఎవరో ఒకరింటి నుంచి కూర క్యారేజీ వచ్చేది. మేడమ్ గోంగూర పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ వడ్డించుకునేది. ఆ పది రోజులంత హాయిగా నేను ఉద్యోగంలో ఎప్పుడూ లేను.

ఇరవై మూడో రోజు మాచర్ల. ఎండ నలభై మూడు డిగ్రీలు. వ్యాను రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. ఇరవై ఏడో రోజు శనివారం, పదకొండింటికి, శౌరయ్య బాబాయ్ వచ్చాడు. ఒక్కడే. చేతిలో కవరు లేదు.

మాది రెంటచింతల దగ్గర పల్లె. మా ఇంటి వెనక వీధి ఆయనది. సైన్యంలో నాయక్ ర్యాంకుతో రిటైరయ్యాడు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు నాలుగు నెలల పాటు తెల్లవారుజామున నాతో కలిసి పరిగెత్తి, నన్ను సైన్యంలోకి తోసింది ఆయనే. ఆరేళ్ల కిందట గుంటూరులో గుండెకి ఆపరేషను జరిగింది. లోపల లోహపు వాల్వు వేశారు. అది వేసుకున్నవాళ్లు రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వాడాలి. ఇదంతా నాకు తెలుసు.

కుడి దవడ వాచి ఉంది. గేటు దగ్గర ఫారం పట్టుకుని నించున్న నా చెవిలో చెప్పాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ జబ్బుల గడి వదిలెయ్. రాయమాకు."

"అదేంది బాబాయ్, వాల్వు సంగతి రాయకపోతే ఎట్టా?"

"రాస్తే నన్ను ముట్టుకోరురా. ఇక్కడోళ్లు గుండె డాక్టరు కాయితం తెమ్మన్నారు. గుంటూరు పోతే, పన్ను సంగతి నాకేం తెలుసు, పళ్లోళ్లనే అడగమన్నాడు. రెండు నెల్లు తిరిగా. గుండె కోసి కుట్టినోడు దొరికాడుగానీ పన్ను పీకేవోడు దొరకలా. జావ తాగి బతుకుతన్నా."

"పిన్నికి చెప్పావా?"

"బ్యాంకుకని చెప్పొచ్చా. భయపడమాకు. ఐదు రోజుల్నించీ ఆ మాత్ర ఆపేశా. మనూరి సూదుల డాక్టరు ఆపమన్నాడు. రక్తం గట్టిపడే ఉంటది."

అప్పుడు నేను చెయ్యాల్సిన పని ఒక్కటే. లోపలికెళ్లి మేడమ్‌కి చెప్పాలి. ఆ మాత్ర ఆపకూడదని నాకు తెలుసు. అప్పటికే ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు నాది. కానీ బాబాయ్ చెంప మీద చెయ్యి వేసుకుని చిన్నపిల్లాడిలా నా వంక చూస్తున్నాడు. పన్ను కదులుతూనే ఉంటుంది, రెండు నిమిషాల పని అనుకున్నాను. ఆ గడిలో ఏమీ లేవన్నట్టు గీత గీసి, కవరు లేకుండానే మెట్టెక్కించాను. సిగ్గుపడే పని చేశానని ఇప్పుడూ ఒప్పుకుంటాను.

కుర్చీలో కూర్చోబెట్టాం. అంత ఎండలో చొక్కా గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. మేడమ్ హిందీలో అడిగింది. "నో ప్రాబ్లం సాబ్!" అన్నాడు. బీపీ బాగానే ఉంది. ఆవిడ మత్తు సూది అందుకుంది. సరిగ్గా అప్పుడు జనరేటరు ఆగింది. ఏసీ ఆగింది, ఫ్యాను ఆగింది.

వాకీటాకీ: "డీజిల్ అయిపోయింది. ఐదు నిమిషాలు. ఓవర్."

వ్యాను నిశ్శబ్దం. బాబాయ్ నోరు తెరిచే ఉంది. ఆ నోట్లోంచి టిక్, టిక్, టిక్ అని సన్నగా వినిపించింది.

"ఎవరి గడియారం అది?" అంది మేడమ్. నా చేతికి ఉన్నది ముళ్లు లేని వాచీ. ఆవిడ చేతికి ఏమీ లేదు. వంగి బాబాయ్ నోటి దగ్గర చెవి పెట్టింది. లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా చప్పుడవుతుంది, చుట్టూ సద్దు లేకపోతే నోరు తెరిచినప్పుడు బయటికి వినిపిస్తుంది. సూది ట్రేలో పెట్టేసింది. చొక్కా బొత్తాలు తనే విప్పింది. గొంతు కింద నుంచి పొట్ట దాకా కోసిన మచ్చ.

"హవల్దార్, ఈ ఫారం నువ్వే రాశావా?"

"యెస్ మేడమ్."

"నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. ఐదు రోజులుగా మాత్ర కూడా ఆపేశాడు."

బాబాయ్ హిందీలో అడ్డం పడ్డాడు. "వాణ్ని ఏమీ అనొద్దు సాబ్. నేనే రాయొద్దన్నాను. మీరూ కాయితం తెమ్మంటారని."

మేడమ్ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "సాబ్, రక్తం కారితే నా దగ్గర గుడ్డ ఉంది, కుట్టు ఉంది. అదిమి పట్టుకుంటాను. మాత్ర ఆపితే ఆ వాల్వు మీద గడ్డ కడుతుంది. అది మెదడుకి పోతే నేను ఎక్కడ అదిమి పట్టుకోను?"

బాబాయ్ తల దించుకున్నాడు. "అయితే పీకరా?"

"పీకుతాను. వచ్చే శనివారం, పొద్దున తొమ్మిదికి. కాయితం అక్కర్లేదు. మీ గుండె డాక్టరు ఫోన్ నంబరు చెప్పండి."

పన్నెండు నిమిషాలు మాట్లాడిందావిడ. పదకొండూ యాభైకి అంబులెన్సు వచ్చింది. రక్తం మళ్లీ పలచబడి కుదురుకునే దాకా గుంటూరు ఆసుపత్రిలోనే ఉంచుతామన్నారు. తలుపు మూశాక మేడమ్ నా వైపు తిరిగింది. "రేపట్నుంచి ఫారాలు డ్రైవరు రాస్తాడు. నువ్వు సామాను అందించు." అంతే. అరిచినా బాగుండేది.

ఆ వారం రోజులు నాకు అన్నం సహించలేదు. గడ్డ అప్పటికే కట్టి ఉంటే? పక్షవాతం వస్తే నేను ఆ ఊళ్లో ఏ మొహంతో తిరగను? రోజూ సాయంత్రం పిన్నికి ఫోన్ చేసేవాణ్ని.

"పిన్నీ, బాబాయ్ మాట్లాడుతున్నాడా? రెండు చేతులూ ఎత్తుతున్నాడా?"

"మాట్లాడతన్నాడా అంటావేందిరా, నోరు మూస్తే గదా! నర్సమ్మలకి లెఫ్ట్ రైట్ నేర్పుతన్నాడు. ఒరేయ్, నాకు చెప్పకుండా మీరిద్దరూ కలిసి చేసిన పనికి నేనొచ్చి మాట్లాడతా, ఉండు."

ముప్ఫై నాలుగో రోజు, శనివారం. ఎనిమిదింటికే వచ్చారు. పిన్ని చేతిలో కవరు. కవరు నాకివ్వలేదు, నన్ను దాటుకుని వెళ్లి డ్రైవరుకిచ్చింది. రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష కాగితంలో రెండు పాయింట్ ఆరు. సరిగ్గా కావాల్సినంత. వాల్వుకి క్రిములు పట్టకుండా యాంటీబయాటిక్ నాలుగు గోళీలు ఒకేసారి మింగించాం. గంట ఆగాం.

తొమ్మిదికి మత్తు సూది. తొమ్మిదీ పదికి మొదలు. కింది దవడ పన్ను, రెండు వేర్లు. మేడమ్ లాగలేదు. పన్నుని రెండుగా కోసి, ఒక్కో వేరునీ నెమ్మదిగా కదిలించింది. తొమ్మిదీ ముప్ఫై ఒకటికి రెండూ ట్రేలో ఉన్నాయి. గుంటలో రక్తం ఆపే స్పాంజి ముక్క, పైన మూడు కుట్లు, దాని మీద మందులో తడిపిన గుడ్డ.

మొదటి గుడ్డ ఎర్రగా తడిసింది. రెండోదీ అంతే. పదీ పదికి మూడోది తీస్తే అదీ ఎరుపే. చెంప పక్క నుంచి సన్నగా చుబుకం మీదికి దిగింది. బాబాయ్ కళ్లు పైకప్పు మీద. బయట పిన్ని జపమాల చెప్పుకుంటోంది.

వాకీటాకీ: "అంబులెన్సు గేటు దగ్గర ఉంది. ఇంజను ఆపలేదు. ఓవర్."

"ఉండనివ్వు," అంది మేడమ్. నాలుగో గుడ్డ పెట్టి నా వైపు చూసింది. "హవల్దార్, నువ్వు అదిమి పట్టుకో. నేను చెప్పేదాకా తియ్యకు."

గుడ్డ మీద వేలు పెట్టాను. ఇరవై నిమిషాలు. నా వేలి కింద ఆయన నాడి కొట్టుకుంటోంది. మోచెయ్యి తిమ్మిరెక్కింది. వారం కింద నేను గీసిన ఆ గీత ఒక్కటే కళ్లముందు ఉంది. ఈ రక్తం ఇక్కడ గడ్డకట్టాలి, ఆ వాల్వు దగ్గర కట్టకూడదు, దేవుడా, రెండూ కావాలి అనుకున్నాను. నేను దేవుణ్ని పెద్దగా పిలిచేవాణ్ని కాదు.

పదీ ముప్ఫై అయిదుకి మేడమ్ గుడ్డ అంచు ఎత్తింది. తెల్లగా ఉంది. టార్చి వేసి చూసింది. రక్తం ఆగింది. ఒంటిగంట దాకా అక్కడే కూర్చోబెట్టి, అరగంటకోసారి చూసి, రక్తం పలచబడే మాత్ర మానొద్దని పిన్నికి మూడుసార్లు చెప్పి పంపించింది. పిన్ని వెళ్తూ వెళ్తూ నా నెత్తిన ఒక్కటి మొట్టి, అదే చేత్తో తల నిమిరింది.

నలభయ్యో రోజు శుక్రవారం, సామాను సర్దాం. మేడమ్ రిపోర్టు రాసింది. అందులో నా తప్పు లేదు. చదివి, కింద నేనే రాశాను. ఫలానా రోజు, ఫలానా పేషెంటు జబ్బు తెలిసి కూడా దాచానని. నా సర్వీసు నంబరు వేసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ చదివి, "దీనివల్ల నీకు ఈసారి ప్రమోషను రాదు" అంది. "యెస్ మేడమ్" అన్నాను. రాలేదు. హవల్దారుగానే రిటైరై ఇంటికొచ్చాను. దాని గురించి ఒక్క రోజు కూడా బాధపడలేదు.

బాబాయ్ ఆ తర్వాత నాలుగేళ్లున్నాడు. మాంసం కూర, జొన్న రొట్టె, అన్నీ తిన్నాడు. పోయింది కూడా పంటితో కాదు, గుండెతో కాదు, వయసుతో. శవపేటిక మోసిన నలుగురిలో నేనొకణ్ని.

ఇప్పుడు నాకు మంచు కొండలు కలలోకి రావు. ఆ శనివారం పదీ ముప్ఫై అయిదు వస్తుంది. టార్చి వెలుగులో తెరిచిన ముసలి నోరు. మూడు కుట్ల కింద, రేగిపండు రంగులో, కదలకుండా నిలిచిన చిన్న గడ్డ. మేడమ్ "చాలు, ఇక తియ్యి" అంది. వినపడింది. నా వేలు ఆయన చెంప లోపలే ఉండిపోయింది. రెండోసారి కూడా చెప్పింది. అప్పుడు శౌరయ్య బాబాయే నా మణికట్టు పట్టుకుని, మెల్లిగా, బయటికి తీశాడు.