గట్టు వీధిలో ఒక మనిషి తేడా

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను పుస్తకం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, నమ్మకం లేక. ఇప్పటికీ ఆ మాట వాడను. జరిగింది జరిగినట్టు, నా డైరీ చూసుకుంటూ రాస్తున్నాను. ఒక ఇంట్లో ఇద్దరున్నారని నేనే రాశాను. ఆ రెండుని ఒకటిగా నేనే మార్చాల్సి వచ్చింది.

2001 జనాభా లెక్కలకి ముందు ఏడాది వేసవిలో ఇళ్ళ జాబితా తయారుచేశాం. రాజమండ్రిలో టీచరుగా చేరి నాకు ఏడాది కూడా కాలేదు. గోదావరి గట్టు పక్క వీధి నా వంతుకొచ్చింది. గోడ మీద నంబరు వేసి, పైకప్పు పెంకా స్లాబా, గదులెన్ని, మనుషులెందరు, రేడియో, టీవీ ఉన్నాయా అని అడగాలి. నాకేమో కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలదు.

మొదటి ఇంటావిడ "చీటీల కంపెనీ అయితే మాకొద్దమ్మా" అని తలుపేసింది. ఇంకో ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పారు. టీవీ ఉందని రాస్తే తెల్లకార్డు తీసేస్తారని భయం. దుప్పటి కింద సీరియల్లో ఎవరో ఏడుస్తూనే ఉన్నారు. నేను "లేదు" అని రాసుకుని బయటపడ్డాను.

మిట్టమధ్యాహ్నం వీధి చివర పెంకుటిల్లు చేరేసరికి నా సంచి పట్టీ తెగింది. కాగితాలు అరుగు మీద పడ్డాయి. ఏడుపు ఆపుకుంటూ ఏరుకుంటుంటే ఒక పెద్దావిడ బయటికొచ్చి చెంబుతో నీళ్ళిచ్చింది.

"గుమ్మంలోంచి అడిగితే ఎవరు చెప్తారే పిచ్చిపిల్లా? ముందు మంచినీళ్ళడుగు. వాళ్ళు తెచ్చేలోపు ఇల్లంతా చూసెయ్యొచ్చు" అంది.

నా సంచి ఒళ్ళో పెట్టుకుని నీలం రంగు వలదారంతో పట్టీ కుట్టింది. కుడుతూనే అన్నీ చెప్పింది. పేరు వెంకటరత్నం. రెండు గదులు, ఒక రేడియో, ఇద్దరు మనుషులు. భర్త లాంచీ నడిపే సరంగుగా చేసి రిటైరయ్యారు.

"కాకినాడలో పిల్ల దగ్గరికెళ్ళారు. మామిడిపళ్ళ బుట్ట మర్చిపోలేదు గానీ గొడుగు మర్చిపోయారు. ఎండన పడొస్తారు, చూడు" అని విసుక్కుంది.

ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో మంచినీళ్ళే ముందు అడిగాను. దుప్పటి ఇంటికి కూడా మళ్ళీ వెళ్ళి, కార్డుకీ దీనికీ సంబంధం లేదని చెప్పి, టీవీ ఉందని రాశాను. వీధి మొత్తం పూర్తయింది.

ఫిబ్రవరిలో అసలు లెక్కలకి పాత జాబితా నకలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. సరంగుగారు మంచినీళ్ళు తెచ్చారు. ఎంతమందని అడిగితే, "ఒక్కణ్ణేనండి" అన్నారు.

"మేలో ఇద్దరని రాశానండి. వెంకటరత్నం గారు..."

"మా ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయిందండి. మే నెలంతా నేను కాకినాడలో ఉన్నాను. ఇంటికి తాళం."

తాళంచెవి దుప్పటి ఇంటావిడ దగ్గరే ఉండేదట. పిలిచి అడిగాం. ఆ నెలలో తలుపు తియ్యలేదని ఒట్టేసింది. గదులు రెండే. రేడియో అటక మీద ఉంది.

నేను సంచి ముందుకు పెట్టాను. ఆయన పట్టీ వెనక్కి తిప్పి నీలం ముడిని బొటనవేలితో చాలాసేపు తడిమారు. "చేపలోళ్ళ పిల్లండి మా ఆవిడ. వల ముడే వేసేది, రవికకైనా సరే" అన్నారు. తర్వాత మెల్లగా, "నా గురించేమైనా అందా అండి?" అని అడిగారు.

గొడుగు సంగతి చెప్పాను. ఆయన గోడకి తగిలించిన గొడుగు వైపు చూసి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "మర్చిపోయిన మాట నిజమేనండి. దారిపొడుగునా తిట్టుకున్నాను."

నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

"రెండు అలాగే ఉంచకూడదా టీచరమ్మా?"

పాత జాబితాలో రెండు అంకె మీద పెన్సిలు ఆనించి, మళ్ళీ తీసేశాను. ఆయనే, "వద్దులెండి. కుర్రపిల్లని ఇరకాటంలో పెట్టావేంటని నన్నే తిడుతుంది. ఒకటే రాయండి" అన్నారు.

ఒకటి అని రాశాను. ఒక మనిషి తేడా ఎందుకొచ్చిందని పై అధికారి కాగితం మీద అడిగితే, "రాసినవారి పొరపాటు" అని సంతకం పెట్టాను. ఆ పనిలో తెలిసి తెలిసి రాసి, నేను దిద్దకుండా వదిలేసిన అబద్ధం బహుశా అదొక్కటే. బహుశా అని ఎందుకంటున్నానంటే, అది అబద్ధమో కాదో కూడా నాకిప్పటికీ తెలియదు.

ఆ సంచి తర్వాత రెండుసార్లు చిరిగింది, వేరేచోట. ఆ పట్టీ మాత్రం ఊడలేదు.